మూడో నంబరు బెడ్డు కప్ప

మీ పెరట్లో ఒక కప్ప ఉందని తెలిసి, దాన్ని ఇమ్మని పదిమంది మీ గేటు ముందు నిలబడితే మీరేం చెబుతారు?

తొందరపడకండి. మీలో చాలామందికి ఆ ఇబ్బంది రాదని నాకు తెలుసు. మీ పెరట్లో కప్ప ఉండే అవకాశమే లేదు. మట్టి కనిపించకుండా బండలు పరిపించారు. బండలు మరీ బోడిగా ఉన్నాయని వాటి మీద ఆకుపచ్చ ప్లాస్టిక్ గడ్డి చాప పరిచారు. ఆ చాప మీద సిమెంటు కొంగను ఒంటికాలి మీద నిలబెట్టారు. ఆదివారం కారెక్కి హార్స్లీ హిల్స్ పోయి, చెట్ల కింద బిర్యానీ తిని, ప్లేట్లు అక్కడే వదిలి, ప్రకృతి ఒడిలో ఉన్నామని ఫోటో పెడతారు. సాయంత్రం ఇంటికి రాగానే గోడ మీద తొండ కనిపిస్తే చీపురు కోసం అరుస్తారు. మీకు ప్రకృతి అంటే ఇష్టమే. అది కదలకుండా ఉండాలి, అంతే.

మొన్న మదనపల్లెలో మా ఇంటి గేటు ముందుకు వచ్చినవాళ్లు కూడా ప్రకృతి ప్రేమికులే. ఏడెనిమిది మంది కుర్రాళ్లు. ఒకడి చేతిలో కర్రకు బిగించిన ఫోను. ఇంకొకడి చేతిలో మూతకు తూట్లు పొడిచిన ప్లాస్టిక్ డబ్బా. జూలై సగమైపోయింది, చినుకు లేదు. గాలి మాత్రం పగలంతా వీస్తూ వీధిలోని చెత్తనంతా మా గేటు దగ్గరికి చేరుస్తోంది.

"మేడమ్, మీ పెరట్లో కప్ప ఉండాదంట. వాన కోసరం కప్పలకు పెండ్లి చేస్తాండాం. మొగుడు దొరికినాడు. పెండ్లికూతురే కావాల."

అందరూ నవ్వారు. డబ్బాలో ఉన్నది మగదని వాళ్లకెలా తెలిసిందని అడిగాను. "కొంచెం కోపంగా ఉండాడు మేడమ్" అన్నాడు డబ్బా కుర్రాడు. మళ్లీ నవ్వారు. ఆ కుర్రాడు ఇంజనీరింగ్ చదువుతున్నాడట. మన చదువులు అంత బాగా సాగుతున్నాయి.

వాళ్లకు నేనేం చెప్పానో చివర్లో చెబుతాను. ఆ డబ్బా తూట్లలోంచి కనిపించిన గరుకు వీపును చూడగానే నాకు ఇంకో కప్ప గుర్తుకొచ్చింది. ముందు దాని సంగతి చెప్పాలి. అందులో నేను చేసిన పని ఈ కుర్రాళ్లు చేసినదాని కంటే నీచమైనది.

నాకప్పుడు పదేళ్లు. కుప్పంలో ఉండేవాళ్లం. బడి తెరిచిన కొన్నాళ్లకే నాకు కామెర్లు వచ్చాయి. కళ్లు, గోళ్లు పసుపు పచ్చగా మారాయి. మా అవ్వ వెంటనే వైద్యం తేల్చేసింది. "వి.కోట పక్కన ఒగాయప్ప పసురు పోస్తాడంట. పొద్దున్నే పరగడుపున తాగితే తెల్లారేసరికి దిగిపోతాదంట." మాది మిషన్ క్రైస్తవుల ఇల్లు. అవ్వ ఒక్క ఆదివారం కూడా చర్చి మానేది కాదు. అయినా ఆదివారం ప్రభువుకు, సోమవారం పసరుకు, మంగళవారం తాయెత్తుకు ఆమె మనసులో సరిపడా చోటుండేది. దేవుళ్ల సంఖ్య తగ్గించుకుంటే మూఢత్వం తగ్గుతుందని అనుకునేవాళ్లు మా అవ్వను చూసి ఉండాల్సింది.

అమ్మ పసరుకు ఒప్పుకోలేదు. నన్ను బస్సెక్కించి పుంగనూరులో తన అక్క దగ్గర దింపింది.

పెద్దమ్మ మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసి మానుకున్న మనిషి. పెళ్లి చేసుకోలేదు. పుంగనూరు నుంచి సదుం పోయే దారిలో, ఊరి అంచున, చిన్న తోట కొనుక్కుని అందులో రెండు గదుల పెంకుటింట్లో ఉండేది. ఉద్యోగం మానినా తెల్లచీర మానలేదు. రవికెకు గుచ్చిన గడియారమూ మానలేదు. నా కళ్లు కిందికి లాగి చూసింది, నాలుక చూసింది, పొట్ట నొక్కింది. "పసురు పోసినా తగ్గుతాది, పొయ్యకున్నా తగ్గుతాది. పోసినోడికి పేరొస్తాది, అంతే తేడా" అంది.

అలా నన్ను పసరు నుంచి తప్పించి పత్యంలో పెట్టింది. గంజి, పలచటి మజ్జిగ, ఉప్పు తగలని బీరకాయ, చెరుకు రసం. నూనె లేదు, కారం లేదు, పోపు వాసన కూడా లేదు. నేటి డాక్టర్లు కామెర్ల పిల్లల్ని అలా మాడ్చక్కర్లేదని అంటున్నారు. అంటే పెద్దమ్మకూ మూఢనమ్మకాలు ఉండేవన్నమాట. కాకపోతే ఆమెవి తెల్లచీర కట్టుకున్నవి. ఈ మాట నేను ఆమె బతికుండగా చెప్పి ఉంటే రుజువు చూపమని కూర్చోబెట్టేది. చూపితే ఒప్పుకునేది. ఆమెకూ మా అవ్వకూ ఉన్న తేడా అదొక్కటే, కానీ అది చాలా పెద్ద తేడా.

ఆకలితో ఉన్న పిల్లకు ఆ తోట ఎలా ఉండేదో చెబితే మీకు అర్థం కాదు. మీకు తోట అంటే చూడటానికి. నాకు ముక్కుతో తినడానికి. టమోటా పాదుల మధ్య నడిస్తే చేతులకు అంటుకునే ఆ పచ్చి ఘాటు వాసన. కాలవలో నీళ్లు వదలగానే ఎర్రమట్టి లోంచి లేచే వాసన. చివరి కాపు నీలం మామిడికాయలు గడ్డిలో మాగుతుంటే గదంతా కమ్ముకునే వాసన. నేరేడు చెట్టు కింద నేలంతా ఊదారంగు మరకలు, వాటి మీద చీమలు, ఈగలు, కాళ్లకు అంటే వగరు. నాలుగు పండ్లు దొంగతనంగా తిని, నాలుక చొక్కా అంచుకు రుద్దుకుని పెద్దమ్మ ముందుకు పోయేదాన్ని. ఆమె నా నాలుక చూడకుండా చొక్కా అంచు చూసేది.

పైన జూలై మబ్బులు రోజూ వచ్చేవి. పడమటి నుంచి గుంపులుగా వచ్చి, మా మీదుగా నడిచి, ఏదో మరిచిపోయినట్టు తూర్పుకు పోయేవి.

రోజూ పొద్దున గంజి తాగాక పెద్దమ్మ 'రౌండ్సు'కు బయలుదేరేది. తోట ఆమెకు వార్డు. అందులో ఉన్న ప్రతి ప్రాణికీ ఒక బెడ్డు నంబరు. నేను వెనక నోటుపుస్తకం పట్టుకుని నడవాలి.

ఒకటో నంబరు మందార కొమ్మకు వేలాడే తేనెపిట్ట గూడు. అది ప్రసూతి వార్డు, అక్కడ గట్టిగా మాట్లాడకూడదు. రెండో నంబరు మోటారు గది గోడ మీద ఎర్రగొంతు తొండ. అది తల ఊపితే మనల్ని వెక్కిరిస్తోందని ఊళ్లో పిల్లలు రాళ్లు వేసేవారు. అది ఆడతొండ కోసం ఊపుతోందనీ, మన మొహాలు దానికి అక్కర్లేదనీ పెద్దమ్మ చెప్పింది. నాలుగో నంబరు ఉడుతలు, చెప్పిన మాట వినని పేషెంట్లు. ఇక జెర్రిపోతుకు నంబరు లేదు. అది డ్యూటీ డాక్టరు. రోజుకోసారి గట్టు వెంట నెమ్మదిగా వచ్చిపోతుంది. అది వచ్చిపోయాక ఎలుకలు రెండు రోజులు కనిపించవు. "డాక్టర్ని సూసి పేషెంట్లు పారిపోయే ఆస్పత్రి ఇదొక్కటే" అనేది.

మూడో నంబరు బెడ్డు నీళ్ల తొట్టి కింద. రాతి తొట్టికీ నేలకూ మధ్య నా చెయ్యి మాత్రమే పట్టే సందు. అందులో తడిమట్టిలో ఒక కప్ప. పెద్దవాళ్ల పిడికిలంత ఉంటుంది. మట్టిరంగు, ఒళ్లంతా గుల్లలు, కళ్లలో మాత్రం బంగారు రేకు. గొంతు కింద చర్మం ఆగకుండా కొట్టుకుంటూ ఉంటుంది.

మొదటి రోజు దాన్ని పెద్దమ్మ తీసి నా ముందు పెట్టింది. "పట్టుకుంటే పులిపిర్లు వస్తాయని మీ అవ్వ సెప్పిందా?"

చెప్పిందన్నాను.

"అయితే పట్టుకో. సూద్దాం."

పట్టుకున్నాను. చల్లగా, బరువుగా, చింతపండు ముద్దలా ఉంది. మర్నాడు పొద్దున చేతులు చూపించమంది. ఆ మర్నాడు కూడా. వారం రోజులయ్యాక అడిగింది.

"ఎన్ని వచ్చినాయి మే?"

"ఒగటీ రాలేదు."

"అయితే ఇంగ ఎవుర్ని నమ్మాల?"

"నిన్ను."

నెత్తి మీద ఒక మొట్టికాయ వేసింది. "నన్ను కాదు. నీ చేతిని నమ్ము."

తర్వాతి కాలంలో నేను ఎన్నో సభల్లో మాట్లాడాను. స్వాములతో, పాస్టర్లతో, సైన్సు చదివి జాతకం చూపించుకునే ప్రొఫెసర్లతో వాదించాను. ఆ మొట్టికాయ కంటే గొప్ప వాదన నాకు ఎక్కడా దొరకలేదు.

కప్పా నేనూ స్నేహమైపోయాం. మిడత వేస్తే నాలుక ఎప్పుడు బయటికి వచ్చిందో తెలిసేది కాదు, మిడత ఉండేది కాదు. ఒకసారి కాగితం ఉండ చుట్టి దారానికి కట్టి ఆడించాను. గుటుక్కున పట్టి, మోసం తెలుసుకుని ఉమ్మేసి, ముందు కాళ్లు రెండూ ఎత్తి మూతి తుడుచుకుంది. నాకు మందు తాగించినప్పుడు నేనూ అచ్చం అలాగే తుడుచుకునేదాన్ని. ఆ తర్వాత దాన్ని మోసం చేయలేదు. అంటే, ఆ రకంగా చేయలేదు.

తోటకు ఆనుకుని ఒక చేను. ఆ చేను రైతును మామా అనీ, ఆయన భార్యను అత్తా అనీ పిలిచేదాన్ని. నాలుగు గొర్రెలు, ఒక జత ఎద్దులు, ఆ చేను, అంతే వాళ్ల బతుకు. జూన్‌లో ఒక వాన పడగానే శనక్కాయ విత్తారు. మొలకలు వచ్చాయి. తర్వాత వాన లేదు. రోజూ సాయంత్రం మామ కంచె దగ్గర నిలబడి పడమటి దిక్కు చూసేవాడు. ఆయన మొహం నేను మరిచిపోలేదు. నేను ఎగతాళి చేసేది ఆ మొహాన్ని కాదు. ఆ మొహానికి మనం నేర్పిన తెలివితక్కువతనాన్ని.

ఒక సాయంత్రం మామ, ఊళ్లోంచి ఇంకో నలుగురు వచ్చారు.

"నర్సమ్మా, రేపు కప్పను తిప్పాలనుకుంటాండాం. ఊర్లో యాడా కప్ప దొరకలేదు. మీ తోటలో తడి ఉండాది గదా."

మా వైపు తెలియని వాళ్ల కోసం చెబుతాను. వాన రాకపోతే రోకలికి వేపాకు చుట్టి, నడిమధ్యన కప్పను గుడ్డతో కట్టి, ఇద్దరు భుజాన ఎత్తుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటివాళ్లూ దాని మీద చెంబుడు నీళ్లు పోస్తారు. కప్ప బాధ చూసి పైన ఉన్నవాడికి జాలి పుట్టి వాన కురిపిస్తాడట. కింద ఎండిపోతున్న మనుషుల్ని చూసి పుట్టని జాలి, కట్టేసిన కప్పను చూస్తే పుడుతుందట. అలాంటివాడికి దండం పెట్టడానికి ఎంత ఆత్మగౌరవం చంపుకోవాలో మీరే ఆలోచించండి.

పెద్దమ్మ టమోటా పాదులకు కర్రలు కడుతోంది. తలెత్తకుండా అడిగింది. "ఊర్లో కప్పలన్నీ ఏమైనాయప్పా?"

"ఏమో నర్సమ్మా. ముందు కుంటలో బోలెడుండె."

"పోయినేడు ఎన్ని కట్టినారు?"

మామ వేళ్లు లెక్కపెట్టి, మధ్యలో ఆపేశాడు.

"సరే, అవన్నీ యాల ఇప్పుడు. మీ తోటలో ఒగటుండాదా, లేదా?"

"ఉండాది. ఇయ్యను."

అంతే. కోపం లేదు, ఉపన్యాసం లేదు. కర్ర కట్టడం పూర్తి చేసింది. వాళ్లు గొణుక్కుంటూ పోయారు. 'ఊరు ఎండిపోతాంటే ఈయమ్మకు కప్ప ముఖ్యమాయె' అన్న మాట నాకు వినపడింది. ఆమెకూ వినపడింది.

మర్నాడు పొద్దున ఆమె నా మందుల కోసం మదనపల్లెకు పోవాల్సి వచ్చింది. బస్సుకు పోతూ నోటుపుస్తకం నా చేతిలో పెట్టింది. "ఈ పొద్దు రౌండ్స్ నీవే. వార్డు జాగ్రత్త."

ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో. ఒకటో నంబరు చూశాను, రెండో నంబరు చూశాను, మూడో నంబరుకు ఒక మిడత వేశాను. అప్పుడు ఆ వాసన వచ్చింది.

ఊరిబిండి వాసన. పల్లీలు వేయించి, ఎండుమిరపకాయలు నిప్పుల మీద కాల్చి, చింతపండు, తెల్లగడ్డలు వేసి రోట్లో నూరిన వాసన. మూడు వారాలుగా ఉప్పు చూడని నాలుకకు ఆ వాసన ఏం చేస్తుందో రాయడం నాకు చేతకాదు. అత్త కంచె దాటి వచ్చింది. చేతిలో సత్తు గిన్నె, గిన్నెలో పొగలు కక్కే రాగిసంగటి ముద్ద, ముద్ద నెత్తిన గుంట, గుంటలో ఊరిబిండి.

"ఏమ్మే, ఎట్ల సిక్కిపోయినావు. మీ పెద్దమ్మ నిన్ను గంజి పోసి సంపుతాండాది. తిను, ఎవురికీ సెప్పనులే."

తిన్నాను. అడగలేదు, ఆలోచించలేదు, తిన్నాను. కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు, చెయ్యి ఆగలేదు. సగం ముద్ద అయ్యాక అత్త మెల్లగా అడిగింది.

"ఆ కప్ప యాడుంటాది మే?"

"పెద్దమ్మ ఇయ్యొద్దనింది."

"ఇయ్యొద్దులే. నీవు సూపించు సాలు. తీసుకునేది మేము. నీవు ఇచ్చినట్టు యాడవుతాది?"

చూశారా ఆ తర్కం. చూపించడం వేరు, ఇవ్వడం వేరు. ఆ తర్వాత ఆ తర్కాన్ని నేను చాలా పెద్ద పెద్ద మనుషుల నోట విన్నాను. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే పదేళ్ల వయసులో సగం సంగటి ముద్దకు దాన్ని కొనుక్కున్నదాన్ని నేనే.

తొట్టి చూపించాను. అత్త చెయ్యి సందులో పట్టలేదు. పుల్లతో పొడవబోయింది. పుల్లతో పొడిస్తే దెబ్బ తగులుతుందని నేనే అడ్డుపడి, నా చెయ్యి పెట్టాను. అది ఎప్పట్లాగే నా అరచేతిలోకి వచ్చింది. పారిపోవాలని చూడలేదు. మిడత ఉందనుకుంది కాబోలు. నా వేళ్లకు ఊరిబిండి ఇంకా అంటుకునే ఉంది.

గిన్నెలో మిగిలిన సగం ముద్ద కూడా తిన్నాను. ఇది దాచను.

ఊరేగింపు వెంట పోయాను. మొదటి ఇంటి దగ్గర నీళ్లు పడగానే కప్ప కాళ్లు కొట్టుకుంది. ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. పిల్లలు గంతులు వేశారు, నేనూ వేశాను. రెండో ఇల్లు, మూడో ఇల్లు. గుడ్డ తడిసి బిగుసుకుంది. ఎండ ఎక్కింది. పిండిమర దగ్గరికి వచ్చేసరికి గొంతు కింద ఆ చర్మం కొట్టుకోవడం ఆగింది. నాకు ఆ చర్మం బాగా తెలుసు. గంటలకొద్దీ చూసినదాన్ని.

"అత్తా, కప్ప ఊపిరి తీసుకుంటా లేదు."

"నిద్ర పోతాండాదిలే."

"నిద్ర పోయినా గొంతు కొట్టుకుంటాది."

రోకలి మోస్తున్న మామ ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. కప్పను కూడా చూశాడు. ఆయనకు అర్థమైంది. అయినా ముందుకు నడిచాడు. ఇంకా రెండు వీధులు మిగిలాయి, ఆ ఇళ్లవాళ్లు చెంబులు పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నారు. చచ్చిన కప్పకు రెండు వీధుల నిండా నీళ్లు పోశారు, పసుపు కుంకుమ చల్లారు, దండం పెట్టారు. ఆచారం అంటే నాకు ఆ రోజు అర్థమైంది. లోపలి ప్రాణం పోయాక కూడా భుజం మార్చుకుంటూ మోస్తూ ఉండటం.

చర్చి వాళ్లు తామేదో తెలివైనవాళ్లమని అనుకోవద్దు. అదే రోజు, అదే ఊళ్లో, అక్కడి మా చర్చి పాస్టరయ్య వాన కోసం ఉపవాస ప్రార్థన పెట్టించాడు. పదిమంది పొద్దుటి నుంచి తిండి మాని మోకాళ్ల మీద కూర్చున్నారు. ఒక తేడా ఒప్పుకుంటాను. వాళ్లు కట్టేసుకున్నది తమ కడుపుల్నే.

సాయంత్రం పెద్దమ్మ వచ్చింది. చేతులు కడుక్కుని, రిపోర్టు చెప్పమంది.

"ఒకటో నంబరు బాగుంది. రెండో నంబరు బాగుంది."

"మూడు?"

"డిశ్చార్జ్."

ఆమె తొట్టి వైపు చూసింది. తర్వాత నా వైపు. "ఎవురికీ సెప్పకుండానే పోయిందా?"

"ఊ."

"సరే, రాయి."

రాశాను. నా చేత్తో, ఆ పుస్తకంలో, మూడో నంబరు డిశ్చార్జ్ అని. అది నా మొదటి దొంగ రాత.

మూడో రోజు మధ్యాహ్నం వాన పడింది. మామూలు వాన కాదు, కాలవలు పొర్లాయి. వెలిశాక ఎర్రమట్టి మీద ఆరుద్ర పురుగులు బయటికొచ్చాయి, ఎర్ర మఖమలు గుడ్డ ముక్కలు నడుస్తున్నట్టు. ఎప్పుడైనా అయితే అగ్గిపెట్టెల నిండా ఏరుకునేదాన్ని. ఆ రోజు ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని, మళ్లీ దించేశాను.

పెద్దమ్మ అరుగు మీద ఆ సాయంత్రం ఇద్దరు కలిశారు. ఒకరు మామ, ఇంకొకరు పాస్టరయ్య. మామ మొహం వెలిగిపోతోంది.

"సూస్తివా నర్సమ్మా. మీరు నమ్మరు గానీ, కప్పను తిప్పితిమి, వాన పడె."

పాస్టరయ్య నవ్వాడు. "అది కాదప్పా. మా బిడ్డలు ఉపవాసం ఉన్నారు. ప్రభువు ఆలకించినాడు."

"మీ ఉపవాసం సాయంత్రంతో ముగిసిందంట గదయ్యా. వాన మూడో రోజు పడింది."

"మీ కప్ప కూడా అదే రోజు తిరిగింది కదా. అదేం మూడు రోజులు నడిచిందా?"

ఇద్దరూ గొంతు పెంచారు. వాన ఎవరిదో తేల్చుకోవాలి గదా. పెద్దమ్మ ఇద్దరికీ టీ ఇచ్చి, తాగేదాకా ఆగి, అడిగింది.

"రేడియోలో సెప్పినారు. ఈ వాన కోలారులో పడిందంట, బెంగుళూరులో పడిందంట. ఆడ ఎవురు కప్పను కట్టినారు? ఎవురు ఉపాసమున్నారు?"

ఇద్దరూ ఖాళీ గ్లాసులు అరుగు మీద పెట్టారు.

"పోనీ, ఎవురిదైనా సరే. వచ్చే నెల పదో తారీకు ఇంగో వాన కావాల. ఇద్దరూ మాట్లాడుకొని తెప్పించండి. పడితే ఆ పొద్దే నేనూ నమ్ముతా."

నాకు గట్టిగా నవ్వు రావాల్సింది. రాలేదు. వాళ్లిద్దరూ వాన గురించి కొట్టుకున్నారు. కప్ప గురించి అక్కడ ఆలోచించినవాళ్లు ఇద్దరమే. ఒకరు నేను. రెండో మనిషి నా వైపు చూడకుండా గ్లాసులు తీస్తోంది.

వాన పడిన తర్వాత మట్టిలోంచి రెక్కల పురుగులు లేచాయి. ఆ తర్వాత అవి పెట్టిన గుడ్ల నుంచి శనక్కాయ చేలల్లో ఎర్ర గొంగళి పురుగులు దిగాయి. మామ, అత్త డబ్బాల్లో కిరసనాయిలు పోసుకుని పొద్దంతా ఏరేవాళ్లు. అయినా సగం చేనులో ఆకుల ఈనెలే మిగిలాయి. ఒక్క కప్ప బతికుంటే ఆ చేను మిగిలేదని నేను చెప్పను. అలా చెబితే నేనూ ఆ అరుగు మీద మామకూ పాస్టరయ్యకూ మధ్యన కూర్చోవాల్సిందే. ఇంతమాత్రం చెప్పగలను. రెక్కల పురుగుల్ని తినే జీవాన్ని ఏటా వెతికి వెతికి పట్టి, కట్టి, చంపిన ఊరు, పురుగు పడిన రోజు మళ్లీ ఆకాశం వైపే చూసింది. మామ అది పోయిన జన్మ పాపం అన్నాడు. పోయిన ఏడాది గురించి ఆయనకు గుర్తు రాలేదు.

నా గోళ్లు తెల్లబడ్డాయి. కుప్పం పోయే రోజు పెద్దమ్మ నన్ను పుంగనూరు బస్టాండుకు తీసుకొచ్చింది. నోటుపుస్తకం నా సంచిలో పెట్టింది. అప్పటిదాకా రోజూ రౌండ్సులో మూడో నంబరు దగ్గర ఆగి, ఖాళీ అని రాయమని, ముందుకు నడిచింది. ఒక్కసారి కూడా వేరే ప్రశ్న వేయలేదు. తిట్టి ఉంటే భరించేదాన్ని. బస్సు కదిలే ముందు నేను ఇక ఆపుకోలేకపోయాను.

"పెద్దమ్మా, మూడో నంబరు డిశ్చార్జ్ కాలేదు. నేనే ఇచ్చేసినా."

"తెలుసు."

"అత్త సెప్పిందా?"

"ఎవురు సెప్పాల? ఆ సాయంత్రం నీ చేతికి ఊరిబిండి వాసన. పిండిమర కాడ ఊరంతా కప్ప మాట."

నేను ఏడ్చాను. ఆమె నా కళ్లు తుడవలేదు, రెప్ప కిందికి లాగి పసుపు మిగిలిందేమో చూసింది. తర్వాత అడిగింది.

"ఇంగోసారి ఎవురైనా వచ్చి అడిగితే ఏం సెప్తావు?"

"లేదని సెప్తా."

"దబ్బర యాల? ఆ అబద్ధంతోనే గదా ఈ లోకం ఇట్లుండాది. నేను ఏం సెప్పినానో నీవు విన్నావు గదా."

విన్నాను. బస్సు కదిలాక నోటుపుస్తకం తెరిచి, డిశ్చార్జ్ అన్న మాట కొట్టేసి, దాని పక్కన నిజం రాశాను. వి.కోట దాటేదాకా ఆ అక్షరాలు చూస్తూనే కూర్చున్నాను.

ఆ తోట ఇప్పుడు లేదు. అక్కడ ప్లాట్లు వేశారు. గేటుకు రెండు వైపులా సిమెంటు నెమళ్లు, లోపల ఒక్క చెట్టు లేదు. పోయిన జూలైలో చూడటానికి పోయాను. నీళ్ల తొట్టి ఉన్న చోట ఒక బోర్డు ఉంది, పచ్చని వాతావరణంలో మీ సొంత ఇల్లు అని. ఆ బోర్డు మీద పచ్చరంగు మాత్రం ఉంది.

ఇక మొన్నటి మాట. ఇంజనీరింగ్ కుర్రాడు డబ్బా ఊపుతూ అడుగుతున్నాడు. "ఉండాదా మేడమ్, లేదా?"

మా పెరట్లో చేతిపంపు పక్కన పగిలిన కుండ బోర్లించి ఉంటుంది. దాని కింద ఏముందో నాకు తెలుసు. నేను కొన్ని దశాబ్దాలుగా వాదనలు చేసినదాన్ని. మేఘాల గురించి, రుతుపవనాల గురించి గంటసేపు చెప్పగలను. ఫోను పట్టుకున్నవాడు అది కూడా వీడియో తీసుకుని, కింద నవ్వు బొమ్మ పెట్టుకునేవాడు.

"ఉంది. ఇవ్వను" అన్నాను.

"మీకు సెంటిమెంట్ లేదా మేడమ్? ఊరంతా నీళ్లకు అల్లాడతాండాది."

"ఉంది. ఇవ్వను. నీ డబ్బాలో ఉన్నదాన్ని కూడా ఇటు ఇవ్వు."

డబ్బా ఇవ్వలేదు. వాళ్లు ఇంకో వీధికి పోతే, అక్కడ ఎవరో పెద్దమనిషి నవ్వుతూ తన తోట తలుపు తీశాడట. పెళ్లయింది. వేలమంది చూశారట. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఏమయ్యారని అడిగితే ఒక్కరికీ తెలియదు. వాన ఇంకా పడలేదు. ఎప్పుడో ఒకరోజు పడుతుంది, వాన పని అదే. ఆ రోజు ఆ వీడియో మళ్లీ పెడతారు. మీరు దాన్ని చూసి, నవ్వుకుని, పదిమందికి పంపుతారు. పిండిమర దాటాక కూడా రోకలి మోస్తున్నది మీరే.

కాబట్టి మొదటి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పండి. మీ గేటు దగ్గరికి కూడా వస్తారు. కప్ప కోసం కాకపోతే పాము కోసం, తేనెపట్టు కోసం, నీడ ఎక్కువైందని చెట్టు కోసం. లేదని తప్పించుకోకండి. మీరు ఇవ్వకుండా చూపించి చేతులు దులుపుకోకండి. ఉంది, ఇవ్వను అనండి. ఆ రెండు మాటలూ నోరు తిరిగేదాకా ఇప్పుడే, గట్టిగా, ఇంట్లోవాళ్లకు వినపడేలా పలకండి.

పలకడానికి మీ పెరట్లో ఏమీ లేదంటారా? అయితే లేవండి. ఆ ప్లాస్టిక్ గడ్డి చాప చుట్టి అవతల పెట్టండి. ఒక్క బండ పెకలించండి. ఆ మట్టి మీద రెండు చెంబుల నీళ్లు పోసి, ఒక పగిలిన కుండ బోర్లించండి. చెయ్యి పట్టేంత సందు వదలండి.